ఎర్ర గోళీకి ఎన్ని పోగులు?

పోయిన వారం మనం హాతీరాంను వరసగా పేర్చిన మూత్రం సీసాల ముందు నిలబెట్టి వచ్చేశాం. అది మర్యాద కాదని తెలుసు. కానీ ఏం చేస్తాం, ఆయనకే అంతుపట్టని సంగతి మనకు మాత్రం ఎక్కడ పడుతుంది? కథలో అప్పటికీ ఇప్పటికీ గడిచింది ఒక్క రాత్రే. ఆలస్యంగా వచ్చి కూర్చున్న వాళ్ల కోసం ముందు నాలుగు మాటలు చెప్పుకుని ముందుకు పోదాం.

పాలవాగు జైలులో మందుల విభాగానికి పెద్ద హాతీరాం. జూలూరుపాడు పక్క తండాలో పుట్టి, ఫార్మసీ చదివి, ఆ తండాలో సర్కారు జీతం మొదట కళ్లజూసిన మనిషి. డాక్టరు వారానికోసారి వచ్చి చూసి పోతాడు. మిగతా రోజుల్లో జ్వరమొచ్చినా, తేలు కుట్టినా ఖైదీలకు దిక్కు హాతీరామే. పోడు భూమి దగ్గర ఫారెస్టు వాళ్లతో జరిగిన గొడవలో రిమాండుకు వచ్చిన గోపాలు అనే కోయ యువకుడికి క్షయ అని తేలింది. ఆ జబ్బుకు అప్పుడప్పుడే వస్తున్న ఎర్ర గోళీని, కాళ్లరిగేలా తిరిగి, పై ఆఫీసు నుంచి సాధించుకొచ్చాడు హాతీరాం. మామూలు జైళ్లకు అంత ఖరీదు మందు ఎవరిస్తారు ఆ రోజుల్లో? ఇచ్చారు. నెలలు గడిచాయి. గోపాలు దగ్గు తగ్గలేదు సరికదా, డాక్టరు తెమడ పరీక్ష చేయిస్తే జబ్బు మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

"లోపలి మందు బజార్లో అమ్ముకుని, గోళీ గొట్టాల్లో పిండి నింపి ఇస్తున్నావు కదయ్యా" అని సూపరింటెండెంటు అందరి ముందూ అనేశాడు. గురువారం సాయంత్రం బస్సుకు పై ఆఫీసుకు రిపోర్టు పంపుతానని కూడా చెప్పాడు. ఆ రిపోర్టు కదిలితే హాతీరాం ఉద్యోగం పోతుంది, కేసవుతుంది. మందులిచ్చే కిటికీ అవతలి నుంచి ఊచల అవతలికి మారాల్సి వస్తుంది.

అసలైన ఎర్ర గోళీ మింగిన మనిషి మూత్రం నారింజ రంగుకు తిరుగుతుంది. మందు మంచిదని రుజువు చేయడానికి అంతకంటే సులువేముంది అనుకున్నాడాయన. గోపాలు సీసా ఒకటి, పోల్చి చూపడానికి అదే బ్యారక్‌లోని జబ్బు లేని వాళ్ల సీసాలు కొన్ని పట్టించాడు. తీరా చూస్తే గోపాలు సీసాలో వెలిసిపోయిన నారింజ రంగు. జబ్బు లేని వాళ్ల సీసాల్లోనూ సరిగ్గా అదే రంగు. అక్కడ వదిలేశాం మనం ఆయన్ని.

ఇక ఈ పొద్దు. ఇవాళే ఆ గురువారం.

కాలం కలిసిరాకపోతే తాడే పామై కరుస్తుందంటారు. ఇక్కడ ఏది తాడో ఏది పామో కూడా తెలియడం లేదు. తెల్లవారకముందే లేచిన హాతీరాం మొదట బావిని అనుమానించాడు. బ్యారక్ వెనక బావి నీళ్లు కాస్త తుప్పు వాసన వేస్తాయి. ఆ నీళ్లు తానే కడుపు ఉబ్బేదాకా తాగి, సీసా పట్టుకుని చాటుకు పోయి, వెలుతురుకు ఎత్తి చూసుకున్నాడు. మామూలు రంగే. క్వార్టరు గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న భార్య ద్వాలి, ఇంట్లో మాట్లాడుకునే లంబాడీలో, ఖైదీలకు మందులిచ్చీ ఇచ్చీ నీకే పిచ్చికి మందు తాపే రోజొచ్చిందని తిట్టింది. ఆయనకు అది కూడా సగమే వినబడింది.

తరువాత గోళీనే అనుమానించాడు. ఒకటి విప్పి, ఇటుక పొడి లాంటి ఆ మందును నాలుక కొసకు రాసుకున్నాడు. చేదు. పిండి కాదు, మందే. మందు మంచిదైతే జబ్బున్న వాడికి ఎందుకు పని చేయదు? జబ్బు లేని వాళ్ల ఒంట్లోకి ఎందుకు పోతుంది? గాలిలో కలిసి పోతుందా? ఆలోచించిన కొద్దీ బుర్రలో ముడి మీద ముడి పడుతోంది. ఆయనకు భయం వేసింది. తన చదువులో ఏదో పెద్ద తప్పుందని, అది ఇన్నేళ్లకు ఇలా బయటపడిందని కూడా అనిపించింది.

డిస్పెన్సరీ కిటికీ దగ్గరకు గోపాలు వచ్చాడు. బక్కచిక్కి, మెడ ఎముకలు బయటపడి, అయినా నవ్వు మొహంతోనే చెయ్యి చాపాడు.

"ఎట్లున్నది గోపాలూ?"

"మంచిగనే ఉన్న సారు. మీ దయ."

మంచిగా లేడని చెవులే చెబుతున్నాయి. మాట పూర్తయ్యేలోగా దగ్గు తెర వచ్చి మనిషి కిటికీ చెక్క పట్టుకున్నాడు. హాతీరాం ఎప్పటిలాగే గోళీ అరచేతిలో పెట్టాడు. గోపాలు ఎప్పటిలాగే గుప్పిట మూసుకుని బ్యారక్ వైపు వెళ్లాడు. కానీ ఈసారి హాతీరాం చెప్పులు అక్కడే వదిలి, కాస్త దూరంగా, దొంగలా అతని వెనక నడిచాడు. తన పేషెంటు వెనక తానే దొంగలా నడవాల్సి వచ్చినందుకు ఆయనకు సిగ్గేసింది.

బ్యారక్‌లో అప్పుడే గంజి బకెట్టు దింపారు. చుట్టూ కోయ ఖైదీలు గొంతుకూర్చుని ఉన్నారు. అందరూ ఒకే కేసులో వచ్చిన ఒకే గూడెం మనుషులు. మధ్యలో దూలయ్య. ముసలాయన. గూడెంలో వేట మాంసం పంచేది ఆయనే, జైలుకొచ్చాక గంజి పంచేది కూడా ఆయనే. గోపాలు వెళ్లి గోళీని ఆయన చేతిలో పెట్టాడు. దూలయ్య దాన్ని గోళ్లతో రెండుగా లాగి, ఎర్రటి పొడిని బకెట్టులోకి జాగ్రత్తగా దులిపి, గొట్టం ముక్కల్ని కూడా గంజిలో కడిగి, గరిటెతో అడుగుదాకా తిప్పాడు. తెల్లటి గంజి లేత ఎరుపుకు తిరిగింది. అప్పుడు ఒక్కొక్కరి చిప్పలో పోస్తూ, ఎక్కువ తక్కువలు లేకుండా కంటి ఎత్తుకు లేపి చూసి మరీ అందించసాగాడు.

హాతీరాం గబగబా ముందుకొచ్చాడు. ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంది తాతా ఇది? ఏం చేస్తున్నవ్?"

దూలయ్య ఉలిక్కిపడలేదు. తప్పు చేస్తున్న మనిషైతే కదా ఉలిక్కిపడేది!

"రా సారూ, మంచి టైముకొచ్చినవ్. నీక్కూడ ఇంత పోద్దునా?"

"నాకెందుకు? అది వాని మందు! గోపాలు ఒక్కనిది!"

"వానిదే. కాదన్నదెవరు? వానికి గూడ పోసిన గద."

అక్కడున్న ఎవరి మొహంలోనూ దాపరికం లేదు. అందరూ చిప్పలు పట్టుకుని, ఈ సారుకు ఏమైందన్నట్టు చూస్తున్నారు. గుట్టు బయటపడితే కోపం రావాలి. కానీ అసలు గుట్టే లేనప్పుడు ఏం చేయాలో హాతీరాంకు తోచలేదు.

"మీ తండాల యాటను కోస్తే ఏం చేస్తరు సారూ?" అని అడిగాడు దూలయ్య.

"పోగులేస్తం."

"నీకు ఆకలున్నది నీకొక పోగు, నీకు ఆకలి లేదు నీకు లేదు, గిట్ల చెప్పి ఏస్తరా?"

హాతీరాంకు తండాలో మోదుగాకుల మీద వరసగా పేర్చిన పోగులు కళ్ల ముందు కదిలాయి. ఇంటికొక పోగు. ఇంట్లో మనిషి ఊళ్లో ఉన్నా లేకపోయినా పోగు మాత్రం ఉండాల్సిందే. ఎవరి పోగైనా చిన్నదైతే ఆ గొడవ పెద్దల దాకా పోయేది.

"ఇది కూర గాదు తాతా. మందు. ఎలుగ్గొడ్డు ఒకణ్ణి చీరిందనుకో. పసరు కట్టేటప్పుడు ఊరందరికీ తలా ఇంత రుద్దుతవా?"

"పసరు పైన రాసేది. నోట్లకు పోయేది పోగు పెట్టాల్సిందే."

"సరే, పాము కరిసినోనికి మందు తాపుతవు గద. అది నోట్లకే పోతది. అందరికీ తాపుతవా?"

ముసలాయన గరిటె పక్కన పెట్టి నిదానంగా అన్నాడు. "పాము ఒక్కణ్ణే కరుస్తది. కరిసిన గాటు కనబడ్తది. వీనికి ఏం కరిసింది? గాలి తగిలిందన్నడు మీ డాకటరు. మేమంత ఒక్క కొట్టంల పండుకుంటున్నం సారూ. వీడు దగ్గితే అది మా మొకాన పడ్తనే ఉన్నది. గాలి అందరికీ తగిలి, మందు ఒక్కనికేనా? ఇదేం న్యాయం?"

ఇదిగో, ఇక్కడే హాతీరాం పూర్తిగా తికమకపడ్డాడు. ముసలాయన చెప్పింది తప్పని కొట్టిపారేయడానికి నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. తప్పు కాదు. ఈ గాలాడని కొట్టంలో ఇంకా ఎందరికి అంటిందో ఎవరు చూశారు? ఒక్క గోపాలుకే పరీక్ష చేయించి, ఒక్క గోపాలుకే మందు తెప్పించి, మిగతా వాళ్లను అతని పక్కనే పడుకోబెట్టింది తామే. అయినా ముసలాయన చేస్తున్న పని ఒప్పు కూడా కాదు. ఈ గంజితో గోపాలు చస్తాడు. ఒప్పులో తప్పుంది, తప్పులో ఒప్పుంది. ఏది ముందు విప్పాలి?

"అసలు ఈ గోళీ గంజిల ఎయ్యమని ఎవరు చెప్పిండ్రు?" అని కసిరాడు, ఏదో ఒకటి అనాలి గనుక.

గోపాలు తల వంచుకుని, "మీరే గద సారు" అన్నాడు. "మొదట్ల పరగడుపున మింగితే కక్కుకుంటుంటిని. గంజితోటి ఏసుకో అన్నరు. గంజిల పడ్డంక అది అందరి గంజే గద."

చెంప మీద కొట్టినట్టయింది హాతీరాంకు. నిజమే. ఆ మాట తానే అన్నాడు. కిటికీలోంచి గోళీ ఇస్తూ, వెనక క్యూలో ఉన్న వాణ్ణి పిలుస్తూ, యథాలాపంగా అనేశాడు. బకెట్టు ఒక్కటేనని, పంచేవాడు ఒకడున్నాడని ఆ క్షణంలో ఆయనకు గుర్తు లేదు. తండాలో పుట్టి కూడా గుర్తు లేదు. ఆయన ఊచల దగ్గరే నేల మీద చతికిలబడ్డాడు. ఒక సర్కారు ఉద్యోగి ఖైదీల ముందు అలా కింద కూర్చోవడం ఆ జైల్లో ఎవరూ చూడలేదు.

"తాతా, ఒక్క మాట చెప్పు. పామును సగం కొట్టి ఇడిస్తే ఏమైతది?"

"పగబడ్తది."

"గోపాలు రొమ్ముల ఉన్నది గసొంటి పామే. గోళీ నిండుగ పడితె సస్తది. నువ్వు ఇంత ఇంత చేసి పోస్తున్నవ్. దెబ్బ తాకుతున్నది, సస్తలేదు. మొండిదైతున్నది. ఇంక కొన్నాళ్లు గిట్లనే జరిగితె, అటెన్క వానికి నిండు గోళీ ఏసినా సావదు. నేను ఎక్కడికి పోయి ఏం తెచ్చినా సావదు. అప్పుడు మీ అందరి మొకాన వాడు దగ్గేది ఆ మొండి పామునే."

ఎవరో చిప్పను మెల్లగా కింద పెట్టిన చప్పుడైంది. దూలయ్య ఇన్నాళ్లూ తన చేతులతో తాను ఏం పంచాడో ఆ బకెట్టులోకి చూసుకున్నాడు.

"ఈ మాట మొదలే ఎందుకు చెప్పలే సారూ?"

"నాకు సోయి లేకపాయె తాతా" అన్నాడు హాతీరాం. అంతకంటే నిజం ఆయనకు తెలియదు.

గోపాలు మాత్రం ఒప్పుకోలేదు. "నేనొక్కణ్ణే మింగితె వీళ్ల మొకాలు ఎట్ల జూడాలె? సస్తె సస్త గని, ఒక్కణ్ణే తిన్నడు అని అనిపించుకోను" అని గోడ వైపు తిరిగిపోయాడు. హాతీరాంకు ఒళ్లు మండింది. అంతలోనే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ మొండివాణ్ణి తిట్టాలో దగ్గరకు తీసుకోవాలో తెలియక ఊరుకున్నాడు.

తీర్పు చెప్పింది దూలయ్యే. "అరే గోపాలూ, పామును కొట్టే కట్టె ఒక్కటే ఉన్నప్పుడు దాన్ని తలా ఒక ముక్క ఇరుసుకుంటమా? ఎవని ముందర పడగెత్తిందో వాని చేతికే ఇస్తం. రేపటి సంది గోళీ నీదే. సారు ముందర మింగు. నేను చెప్తున్న. పంచేటోణ్ణి నేను, మాట నాది." తరువాత హాతీరాం వైపు తిరిగాడు. "గని సారూ, మా అందరికీ గూడ పరీక్ష చేపియ్యాలె. పాము ఎవలెవల ఇంట్ల జొచ్చిందో తెల్వాలె. మాటిస్తవా?"

"ఇచ్చిన తాతా."

ఇచ్చాడు గానీ, సాయంత్రం బస్సులో తన ఉద్యోగమే పోయేలా ఉంటే ఈ మాట నిలబెట్టుకునేదెట్లా? సూపరింటెండెంటు దగ్గరకు పోయి, మందు దొంగతనం కాలేదండీ, గంజిలో కలిసిందండీ అని చెబితే నమ్ముతాడా? నమ్మినా నమ్మకపోయినా దూలయ్యను తీసుకెళ్లి నిలబెట్టాలి. సీసాలున్నాయి, బకెట్టుంది, మనుషులున్నారు. హాతీరాంకు పొద్దుటి నుంచి మొదటిసారి ఊపిరి ఆడింది. లేచి పంచె దులుపుకున్నాడు.

"మరి ఇంటి పోగు సంగతేంది సారూ?" అని అడిగాడు దూలయ్య.

"ఏ ఇల్లు?"

ముసలాయన గోపాలు వైపు చూశాడు. గోపాలు గోడ వైపే మొహం పెట్టుకుని గొణిగాడు. "జంపక్కకు గూడ దగ్గొచ్చింది సారు. నా పెండ్లాం. గూడెంల మందియ్యను ఎవరున్నరు? రోజు ఇడిసి రోజు గోళీ దానికి దాస్తన్న. ములాఖత్‌కు వచ్చినప్పుడు జాలీలకెల్లి ఇస్తన్న."

హాతీరాం వేళ్ల మీద లెక్క వేశాడు. అంటే ఒక రోజు గోళీ బ్యారక్ అంతటికీ, మరునాటి గోళీ జైలు దాటి అడవిలోకి. గోపాలుకు దక్కింది ఎంత? గరిటెడు ఎర్ర నీళ్లు. అంతకంటే భయంకరమైన సంగతి మరొకటుంది. జైలు మందు నిజంగానే బయటకు పోతోంది. సూపరింటెండెంటు చెప్పింది అబద్ధం కాదు.

"ములాఖత్ ఎప్పుడు?" అని అడిగాడు, జవాబు తెలిసి కూడా.

"ఇయ్యాలనే. మీ కాడికి రాకముందే ఇచ్చి వచ్చిన."

హాతీరాం చెప్పులు లేకుండానే గేటు వైపు పరుగెత్తాడు.

గేటు గదిలో బల్ల మీద తునికి పండ్ల మూట విప్పి ఉంది. దాని పక్కన నలిగిన గుడ్డ పేలికలో ఎర్ర గోళీలు. సూపరింటెండెంటు కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. జైలు రైటర్ కాగితాలు సర్దుకుంటున్నాడు. ములాఖత్ ముగించుకుని వెళ్లేవాళ్లను కూడా సోదా చేయమని పొద్దున్నే హుకుం జారీ అయిందట. ఆ సంగతి హాతీరాంకు చెప్పిన వాళ్లు లేరు. హెడ్ వార్డర్ లాల్‌సింగ్ తలుపు దగ్గర నిలబడి, హాతీరాంను చూసి కళ్లు దించుకున్నాడు. గోడ వారగా ఒక కోయ యువతి నిలబడి ఉంది. జంపక్క. ఇందాకే గోపాలును చూసి, తిరిగి బస్సుకు పోబోతూ దొరికిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గును మింగాలని చూస్తోంది గానీ, అది ఆగడం లేదు.

"రావయ్యా రా, నూరేళ్లు నీకు" అన్నాడు సూపరింటెండెంటు. "నీ సరుకేనా ఇది?"

"అవ్ సార్. మన మందే."

"ఈవిడ కొంగుముడిలో దొరికింది. ఎలా వచ్చిందంటే నోరు విప్పదు. నువ్విచ్చావా?"

హాతీరాంకు వంద మాటలు ఒక్కసారి నోటికొచ్చాయి. బకెట్టు, గరిటె, పోగులు, పాము, కట్టె. వాటిలో ఏ ఒక్కటి ముందు పెట్టినా మిగతావి పిచ్చివాడి మాటల్లా వినిపిస్తాయి. గోపాలు ఇచ్చాడంటే గోపాలు మీద ఇంకో కేసు. ఇక వాడికి మందు ఎవరిస్తారు? ఆయన నోటి నుంచి నిజమే వచ్చింది. అందులో చిన్న ముక్క.

"నేనియ్యలే సార్."

"అయితే దొంగ ఈవిడేనన్నమాట. లాల్‌సింగ్, స్టేషనుకు కబురు చెయ్యి."

జంపక్కకు ఆ మాటలు సగం అర్థమయ్యాయో లేదో. ఆమె అందరి మొహాలూ మార్చి మార్చి చూసి, లాల్‌సింగ్‌ను అడిగింది. "మందుల సారంటె ఈయనేనా?"

లాల్‌సింగ్ తలూపాడు. అంతే, ఆ మనిషి మొహం వెలిగిపోయింది. వచ్చి హాతీరాం కాళ్ల మీద పడింది.

"నీ కాళ్లు మొక్కుత సారూ. నువ్వు పంపిన గోళీలకే నేను పానంతోటున్న. నా మొగడు చెప్పిండు. మా సారే నీ కోసం పంపిండు, ఎవరికీ చెప్పొద్దన్నడు, భయం లేకుండ మింగు అని చెప్పిండు. అందుకే సారూ, వీళ్లు ఎంత అడిగినా నీ పేరు చెప్పలే."

భార్య మందు మింగడానికి గోపాలు ఆడిన అబద్ధం అది. ప్రేమతో ఆడిన అబద్ధం. అది ఇప్పుడు హాతీరాం పాదాల మీద చేతులేసి పడుకుని ఉంది. కాదంటే ఆమె దొంగ, ఔనంటే తాను దొంగ. తాను ఈ గేటు దాటి బయటకు పోతే గోపాలు చేతికి గోళీ అందించే మనిషి ఉండడు, బ్యారక్‌కు పరీక్ష చేయించే మనిషి ఉండడు. ఇవన్నీ ఆయనకు తెలుసు. అన్నీ తెలిసి, ఏమనాలో ఒక్కటీ తెలియలేదు.

"ఇప్పుడేమంటావు?" అన్నాడు సూపరింటెండెంటు.

జంపక్క లేవబోతూ దగ్గింది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకునే తీరిక లేకపోయింది. తీసి చూసుకునేసరికి కొంగు కొస ఎర్రగా ఉంది. మందు పొడి కాదు, నెత్తురు. హాతీరాంకు ఆ గది, ఆ కుర్చీ, సాయంత్రం బస్సు అన్నీ మాయమయ్యాయి. కిటికీ దగ్గర రోజూ అడిగే ప్రశ్న ఆలోచన లేకుండానే నోట్లోంచి వచ్చేసింది.

"గోళీలు మధ్యల ఎన్నడన్న ఆపినవా తల్లీ?"

"ఎందుకాపుత సారూ, నువ్వు పంపినంక?"

సూపరింటెండెంటు రైటర్ వైపు తిరిగాడు. "రాసుకో. తానే ఇస్తున్నట్టు నా ముందే ఒప్పుకున్నాడు."

హాతీరాం కాదనలేదు. ఆయన ఇంకా ఆ కొంగు కొసనే చూస్తున్నాడు.